చెంప నుంచి గదవ దాకా: మంగలి కత్తి డైరీ

మే, ఎండలు ముదిరాక

గడ్డం గీసుకోవడం నేర్చుకుందామని వెతుకుతున్న మంగలి కత్తి దొరికింది. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో పాత తాళాలు, ఇత్తడి చెంబులు, గడియారాల డొక్కులు పోసిన గుట్టలో అడుగున పడి ఉంది. కత్తులకు పేరుపడ్డ జర్మనీ ఊరు సోలింగెన్ పేరు సగం చెరిగినా చదవడానికి వస్తోంది. అమ్మేవాడికి దాని విలువ తెలియదో, నా మొహంలో ఆశ కనిపించలేదో గానీ బేరం తొందరగానే తెగింది.

అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఐదు భాగాల వెడల్పు, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. మొన గుండ్రం. కొత్తగా పట్టేవాడికి ఈ రెండూ కలిసొచ్చేవే. మరీ వెడల్పు కత్తయితే ముక్కు కింద తిప్పడానికి చోటు చాలదు. మొన చదరంగా ఉంటే చెవితమ్మె దగ్గర గుచ్చుకుంటుంది. పిడి కొమ్ముది, చిన్న పగులు కూడా లేదు. సెల్యులాయిడ్ పిడి అయితే కొనేవాణ్ణి కాదు. పాతబడి కుళ్లిన సెల్యులాయిడ్ నుంచి వచ్చే ఆవిరి మడిచి పెట్టిన కత్తిని లోపల్లోపలే తుప్పు పట్టిస్తుంది.

పాత కత్తి కొనేవాళ్లు చూడాల్సినవాటిలో ముఖ్యమైంది ఒకటే: తుప్పు ఎక్కడుంది? వెన్ను మీద, మధ్యలో మచ్చలుంటే అందం పోతుంది, అంతే. అంచు పక్కనే గుంటలుంటే అక్కడ ఉక్కు లోపల ఎంత తినేసిందో పైకి తెలియదు. సాన పడుతుంటే ఆ చోట పెచ్చులు ఊడుతూనే ఉంటాయి. ఇంకో సంగతి, కత్తిని గాజు పలక మీద పడుకోబెట్టి చూడాలి. వెన్ను, అంచు రెండూ పలకకు ఆనాలి. ఎక్కడైనా వెలుతురు కనబడితే కత్తి వంగిందన్నమాట. నాది ఒక చివర వెంట్రుకవాసి వెలుతురు చూపించింది. సర్దుకోవచ్చు.

కుట్టు మిషను నూనె, 1000 నంబరు గరుకు కాగితం, బోలెడంత ఓపిక. వెన్ను నుంచి అంచు వైపుకే రుద్దాలి, అటూ ఇటూ కాదు. వేళ్లు ఎప్పుడూ వెన్ను వైపే. చివరికి సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి పెట్టాను. ఇంకెవరి గడ్డాలు చూసిందో ఈ కత్తి.

"సగం బ్లేడు ఇరికించే ఉస్తరా కొనుక్కోక ఈ తుప్పు ముక్క ఎందుకన్నా?" అని మా తమ్ముడు. వాడన్నదాంట్లో తప్పు లేదు. ఇవాళ సెలూన్లలో ఉండేది అదే, ఒక్కొక్కరికి కొత్త బ్లేడు, ఆరోగ్యానికీ అదే మంచిది. కానీ మొద్దుబారగానే పారేసే బ్లేడుతో నేర్చుకోవడానికి మిగిలేది చేతి ఒడుపు ఒక్కటే. నాకు అంచు ఎలా పుడుతుందో, ఎలా చస్తుందో చూడాలని ఉంది.

జూన్, మృగశిర ముందు

మంగళవారం మన దగ్గర సెలూన్లు మూసి ఉంటాయి. మా సందు చివర షాపు కూడా అంతే. ఆ రోజు షాపు ఓనరు వాళ్ల నాన్న అరుగు మీద ఖాళీగా కూర్చుంటాడని తెలిసి కత్తి పట్టుకుని వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. చేతులు వణకవు.

కత్తి తెరిచి, వెలుతురుకు అడ్డం పెట్టి, అంచు వెంట కన్ను నడిపాడు.

"అంచు సచ్చిపోయింది బిడ్డా. గని వెన్ను సక్కగున్నది. ఏడ దొరికింది?"

"జుమ్మేరాత్ బజార్ల కాకా. దీనితో గడ్డం గీసుకుందామని."

నవ్వలేదు. లోపలికెళ్లి అడపం తెచ్చాడు. తోలు సంచీ, పైన నల్లగా నునుపెక్కి ఉంది. అందులోంచి అరచెయ్యంత రాయి తీశాడు, మధ్యలో కొంచెం కూడా పల్లం పడలేదు. ఇన్నేళ్లు వాడిన రాయి అంత చదునుగా ఉండటమే నాకు ఆశ్చర్యం. నీళ్లు పొయ్యలేదు. బ్రష్షుతో సబ్బు నురగ చేసి రాయికి పూశాడు. కత్తి పడుకోబెట్టి, అంచు ముందుగా తోసి, వెన్ను మీద బోర్లించి వెనక్కి తోశాడు. చప్పుడు ముందు బరబరమంది, పోనుపోను సన్నబడింది. ఆయన చూపు చేతుల మీద లేదు, చెవి మాత్రం అక్కడే ఉంది.

కాసేపటికి ఆపి, "నీ దగ్గర గరుకు రాయి ఉంటే ముందు దాని మీద పని చేసుకరా. నాది ఆఖరుకు వాడే రాయి. దీంతోని పెచ్చులు పోవు," అన్నాడు.

మంగలి కత్తికి ఉన్న సౌలభ్యం వంటింటి కత్తికి లేదు. సాన పట్టేటప్పుడు కోణం మనం పట్టుకోనక్కర్లేదు. వెన్ను, అంచు రెండూ రాయికి ఆనించి జరిపితే చాలు, కోణం కత్తి తయారైనప్పుడే నిర్ణయమైపోయింది. వెన్ను మందానికి మూడున్నర రెట్లు వెడల్పున్న కత్తికి అంచు కోణం 16 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది. రాయి మీద వెన్ను కూడా అంచుతో పాటే అరుగుతుంది కాబట్టి ఏళ్ల తరబడి నూరినా ఆ లెక్క పెద్దగా తప్పదు. దీన్ని ఆలోచించినవాడెవడో గానీ దండం పెట్టాలి.

1000 నంబరు రాయి మీద మొదలుపెట్టాను. నంబరు పెరిగే కొద్దీ రాయి నునుపు. ముందు అంచుకు రెండు వైపులా నల్ల మార్కర్ పూసి నాలుగు తోపులు తోసి చూస్తే, సిరా ఎక్కడ చెరిగిందో ఎక్కడ మిగిలిందో తెలిసిపోతుంది. వంగిన చివర సిరా అలాగే ఉంది. అక్కడికి ఆనేలా కత్తిని కొంచెం వాలుగా, వంపు గీత గీసినట్టు తోయాల్సి వచ్చింది. సిరా అంచు పొడవునా చెరిగి, ముంజేతి వెంట్రుకలు చర్మం మట్టంలో తెగడం మొదలయ్యేదాకా ఈ రాయి దిగకూడదు. ఇక్కడ తొందరపడి పైరాయికి వెళ్తే, ఆ తర్వాత ఎంత నునుపు రాయి వాడినా మొద్దు అంచుకే మెరుగు పెట్టినట్టు. తర్వాత 4000, ఆ తర్వాత 8000. ఒత్తిడి తగ్గించుకుంటూ పోవడమే. ఆఖరి తోపుల్లో కత్తి బరువు తప్ప చేతి బరువు ఉండకూడదు.

మళ్లీ మంగళవారం. కాకా తన రాయి మీద నురగ పూసి ముగించాడు. చేతి మీద చర్మానికి తగలకుండా, కొంచెం ఎత్తున గాల్లోనే కత్తి జరిపాడు. వెంట్రుకల కొనలు రాలాయి.

"ఇప్పుడు లేచింది," అన్నాడు.

జూన్ చివర

ఇంకా మొహం దాకా రాలేదు. తోలు దగ్గరే ఉన్నాను.

వెడల్పాటి తోలు పట్టీ, వెనక క్యాన్వాసు, ఒక చివర కిటికీ ఊచకు తగిలించాను. గీసే ముందు ప్రతిసారీ క్యాన్వాసు మీద ఇరవై ముప్పై సార్లు, తోలు మీద యాభై అరవై సార్లు నడపాలని పాతకాపులు చెబుతారు. తోలు పెద్దగా అరగదీయదు. గీసినప్పుడు అటూ ఇటూ ఒరిగిన సన్నటి అంచును నిలబెడుతుంది. రాయి మీద అంచు ముందు నడుస్తుంది, తోలు మీద వెన్ను ముందు నడవాలి. తారుమారైతే తోలు తెగుతుంది, అంచూ పోతుంది. చివరికి చేరాక కత్తిని వెన్ను మీదే బోర్లించాలి, అంచు మీద ఎప్పుడూ కాదు.

వినడానికి రెండు ముక్కలే. చేతికి ఎక్కడానికే ఇన్ని రోజులు. అట్లకాడతో దోసె తిప్పినట్టు మణికట్టు ఎగరేస్తే అంచు తోలును తాకుతుంది. మణికట్టు కదలకుండా, పిడికీ అంచుకీ మధ్య ఉండే కత్తి మెడను బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లించాలి. కాకా ఒక వెన్నపూస కత్తి తెప్పించి దానితో దొర్లించమన్నాడు, మొద్దు కత్తి కదా, భయం లేదని. కళ్లు మూసుకుని దొర్లించగలిగినప్పుడు అసలు కత్తి ఇచ్చాడు.

"తోలును గుంజి పట్టు. వదులు పెడితే అంచు గుండ్రమైతది. గీసుడు ఎవలైనా గీస్తరు బిడ్డా, నూరుడే పని."

ఆయన మాటల్లో నేను పట్టుకున్నది ఇదే. నేర్చుకునేవాళ్లు చర్మం మండితే చేతిని అనుమానిస్తారు, కోణం మారుస్తారు, క్రీము మారుస్తారు. మంట పుట్టేది చాలాసార్లు తోలు పట్టీ దగ్గర.

ఇంకో మాట కూడా ఆ రోజే బయటపడింది. "మీరు మీ గడ్డం దీంతోనే గీసుకునేవారా కాకా?" అని అడిగితే, "ఎన్నడు గీసుకోలే. మా తమ్ముడు నాకు గీసేది, నేను వానికి గీసేది. అద్దంల చూసుకుంట కత్తి పట్టుడు నాకు రాదు," అన్నాడు. అంటే రాయి, తోలు దాకే ఆయన గురువు. అద్దం ముందు నేను ఒంటరివాణ్ణే.

జూలై

ముందు నురగ సంగతి తేల్చాల్సి వచ్చింది. మా అపార్టుమెంటులో బోరు నీళ్లు. బకెట్ల అడుగున తెల్లటి పొర కట్టే రకం. ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి జిడ్డు తెట్టుగా మారుతుంది గానీ నురగ రాదు. వచ్చినా చెంప మీద నిమిషంలో ఎండిపోతుంది. మామూలు రేజరుకు అది సరిపోతుందేమో, ఈ కత్తికి నురగ అనేది చర్మానికీ ఉక్కుకూ మధ్య ఉండే ఒకే ఒక్క పొర. తాగడానికి వచ్చే కృష్ణా నీళ్లు ఒక మగ్గు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టాక అదే సబ్బు, అదే బ్రష్షు, పెరుగు మీగడలా చిక్కటి నురగ. గాలి బుడగలు కనిపించకూడదు. కనిపిస్తే ఇంకో నాలుగు చుక్కల నీళ్లు, ఇంకొంచెం తిప్పడం.

స్నానం అయ్యాక, వేడి తువ్వాలు కాసేపు అద్ది, వెంట్రుక నీళ్లు పీల్చుకున్నాక నురగ.

మొదట కుడి చెంప మాత్రమే. చెవి పక్క నుంచి దవడ ఎముక దాకా. మిగతాది మామూలు రేజరుతో. మూడు వేళ్లు కత్తి మెడ మీద, చిటికెన వేలు కత్తి తోక మీద, బొటనవేలు కింద. ఎడమ చేత్తో తల మీదుగా చెవి దగ్గర చర్మం పైకి లాగి పట్టుకోవాలి. చర్మం డప్పు మీది తోలులా బిగిస్తే కత్తి జారుతుంది, వదిలితే ముందు ముడత లేస్తుంది, తెగేది ఆ ముడతే. వెన్నును చర్మం మీంచి దాని మందం కంటే కొంచెం ఎక్కువ ఎత్తి పట్టుకుంటే కోణం 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొట్టి గీతలు. కత్తి ఎప్పుడూ అంచుకు అడ్డంగానే కదలాలి. అంచు పొడవు వెంట ఇసుమంత జరిగినా అది గీయడం కాదు, కోయడం.

చప్పుడు వచ్చింది. రెండు పక్కలా లోపలికి పల్లంగా, సన్నగా చెక్కిన ఈ రకం ఉక్కు వెంట్రుక తెగినప్పుడల్లా చిన్నగా మోగుతుంది, ఎండుటాకు నలిపినట్టు. రేజరులో ఆ మోత లేదు. మోత నిలకడగా ఉంటే కోణం సరిగ్గా ఉన్నట్టు, ఆగితే చెయ్యి లేచినట్టు. అద్దం కంటే చెవే ఎక్కువ చెబుతోంది.

ఒక నియమం గోడ మీద రాసి పెట్టాను: కత్తి జారితే పట్టుకోకు. పడిపోనీ.

ఎడమ చెంపకు చెయ్యి మార్చాలా, కుడిచేతినే మొహం మీదుగా తీసుకెళ్లాలా అన్నది ఒక తగువు. చెయ్యి మార్చాను. ఎడమ చెయ్యి నెమ్మది, కానీ దానికి పాత అలవాట్లేవీ లేవు. చెప్పినట్టు వింటోంది.

ఆగస్టు, ముసురు

కత్తి మీద గోధుమరంగు చుక్క. స్టెయిన్‌లెస్ కాదు, కార్బన్ ఉక్కు. వానాకాలం గాలికే తుప్పు పడుతుంది. స్నానాల గదిలో ఉంచడం మానేశాను. గీయడం అవగానే నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి అంచు వైపు అద్దినట్టు తుడిచి, ఇరుసు దగ్గర తడి లేకుండా కాసేపు తెరిచి ఉంచి, ఆ తర్వాత ఒక్క చుక్క మిషను నూనె. అమ్మ కొబ్బరి నూనె రాయమంది. రాస్తే కొన్నాళ్లకు జిగురు కట్టి కంపు కొడుతుంది.

ముసురు పట్టిన ఆదివారాలు చదవడానికి సరిపోయాయి. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు యాభై రెట్లు మెత్తన. అయినా అది బ్లేడును ఎలా పాడు చేస్తుంది? అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి 2020లో 'సైన్స్' పత్రికలో రాశారు. నిదానంగా అరిగి గుండ్రబడటం ఒక్కటే కాదట. వెంట్రుక వంగి ఏటవాలుగా అంచుకు తగిలినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒకే తీరుగా లేనిచోట, కంటికి కనబడని పెచ్చు ఊడుతుందట. వాళ్లు చూసింది పారేసే రేజరు బ్లేళ్లను. అయినా ఉక్కు ఎంత ఒకే తీరుగా ఉంటే అంచు అంత నిలుస్తుందన్న మాట నన్ను ఇంకో పాత కథ వైపు లాగింది.

లండన్‌లో స్ట్రాండ్ వీధిలో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఉండేవాడు. శస్త్రచికిత్స పనిముట్లు, గడ్డం కత్తులు చేసేవాడు. హిందూస్తాన్ నుంచి వచ్చిన ఊట్జ్ ఉక్కుతో చేస్తానని, ఏళ్ల తరబడి పోల్చి చూశాక యూరప్ ఉక్కులన్నిటికంటే దీన్నే ఇష్టపడుతున్నానని తన షాపు కార్డు మీద అచ్చు వేయించుకున్నాడు. తర్వాత శాస్త్రవేత్త మైకేల్ ఫారడేతో కలిసి ఆ ఉక్కును అనుకరించాలని కొలిమి ముందు కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి 1820లో, 1822లో వ్యాసాలు రాశారు. ఐదు వందల పాళ్ల ఉక్కులో ఒక పాలు వెండి కలిపి చూశారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పాత కత్తుల మీద 'సిల్వర్ స్టీల్' అని చెక్కి ఉండటానికి మూలం అదే, తర్వాత్తర్వాత అందులో వెండి లేకపోయినా పేరు మాత్రం ఉండిపోయింది.

ఊట్జ్ కరిగించిన చోట్లలో ఒకటి మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. అక్కడ మూసల్లో ఉక్కు తయారయ్యే తీరును వోయిసీ అనే దొర చూసి రాసింది 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవాళ్లని అందులో ఉంది. స్టోడార్ట్ చేతికి అందిన ముద్ద ఏ ఊరిదో మనం చెప్పలేం గానీ, ఉక్కు కోసం సోలింగెన్ వైపు చూస్తున్న నాకు ఇది చదివి కొంచెం రోషం వచ్చింది.

సెప్టెంబరు

రెండు చెంపలూ సాఫు. మెడ మొదలైంది.

చెంప మీద వెంట్రుక కిందికి దిగుతుంది, అందరికీ దాదాపు అంతే. మెడ మీద ఎవరి లెక్క వాళ్లది. ఒక రోజు గడ్డం పెరగనిచ్చి, పొడి వేళ్లతో అన్ని వైపులా నిమిరి, ఎటు నిమిరితే గరుకు తగలడం లేదో కాగితం మీద బాణాలు వేసుకున్నాను. కంఠమణికి ఎడమ పక్క వెంట్రుకలు పక్కకు పడుకుని, కుడి పక్క పైకి లేస్తున్నాయి. ఇన్నేళ్లు రేజరుతో కిందికి లాగుతూ అక్కడ ఎందుకు కురుపులు లేస్తాయా అనుకునేవాణ్ణి.

మొదటి విడత వెంట్రుక వాలుకు. రెండో విడత అడ్డంగా, మళ్లీ నురగ పూసి. ఎదురు గీత మెడ మీద ఇంకా పెట్టలేదు, తొందర కూడా లేదు. కంఠమణి మీదుగా గీయకూడదు. మింగినట్టు చేసి చర్మాన్ని పక్కకు లాగితే ఆ చదునైన చోట గీయొచ్చు.

మెడ దగ్గరికి వచ్చేసరికి అంచులో తేడా బయటపడింది. చెంప మీద చక్కగా పోతున్న కత్తి మెడ మీద లాగుతోంది. కోణం తగ్గించి చూశాను, పెంచి చూశాను. లాభం లేదు. కాకా దగ్గరికి తీసుకెళ్తే తన తోలు మీద నడిపించి ఇచ్చాడు, రాయి ముట్టలేదు. మర్నాడు అదే మెడ మీద మెత్తగా పోయింది. తేడా తోలు బిగింపులోనే ఉంది. నా కిటికీ ఊచ నడుముకంటే ఎత్తుగా ఉండి, చెయ్యి చివరికి వెళ్లేసరికి పట్టీ మధ్యలో పల్లం పడుతోంది. ఊచ వదిలేసి కిందుగా గోడకు మేకు కొట్టి తగిలించాను.

గీయడం అయ్యాక తడి పటిక రాస్తే మొహమే రిపోర్టు ఇస్తుంది. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ చర్మం గీసుకుందని అర్థం. మొదట్లో మెడంతా మండేది. ఇప్పుడు దవడ మలుపులో ఒక్క చోట.

అక్టోబరు, దసరా సెలవులు

పైపెదవి అనుకున్నంత కష్టం కాలేదు. ముక్కును వేలితో కొంచెం పైకెత్తి, పెదవిని పళ్ల మీదికి బిగించి, కత్తి మొన వైపు భాగంతో చిన్న గీతలు. గుండ్రటి మొన విలువ ఇక్కడ తెలిసింది.

గదవే కొరకరాని కొయ్య. వెంట్రుకలు అన్నిటికంటే మొండివి, చదును అన్నది లేదు, ఎముక గుండ్రంగా తిరుగుతుంది, కత్తేమో నిటారు గీత. ఏ క్షణంలోనైనా అంచులో నాలుగు మిల్లీమీటర్లే చర్మాన్ని తాకుతుంది, మిగతాదంతా గాల్లో. అందుకే ఒకే గీతలో తిప్పుకురావడం కుదరదు. కింది పెదవిని లోపలికి లాక్కుని ముందు భాగం పై నుంచి కిందికి. తల వెనక్కి వాల్చి, దవడ కింది చర్మాన్ని వేళ్లతో మెడ వైపు లాగి, అంతకుముందు గదవ కింద ఉన్న భాగం ఎముక మీదికి వచ్చాక అక్కడ. పక్కల కోసం నోరు ఓ పక్కకు తిప్పి. అంటే కత్తి గదవ చుట్టూ తిరగదు, గదవనే కత్తి ముందుకు తెచ్చుకోవాలి. ఇది పట్టుబడ్డాక పటిక చురకలు బాగా తగ్గాయి.

ఇప్పటి లెక్క ఇది: చెంపలు, మెడ, పైపెదవి కత్తితోనే, వాలుకూ అడ్డానికీ. గదవ ముందు భాగం కత్తితో, పెదవి కింది చిన్న గుంట మాత్రం ఇంకా రేజరుతో. పొద్దున ఆఫీసు హడావుడిలో కత్తి తీయను, శని ఆదివారాలు, మధ్యలో తీరిక దొరికిన రోజు. మంగళవారం అమ్మ ఒప్పుకోదు, శుక్రవారం అసలే ఒప్పుకోదు.

అంచు మళ్లీ కొంచెం మందగించింది. ఈసారి తోలు చాలదు, రాయి కావాలి. వచ్చే మంగళవారం ఆఖరు తోపులు నా చేతే తోయిస్తానన్నాడు కాకా. 12000 నంబరు రాయి కొనుక్కుని రమ్మన్నాడు. తన రాయి మాత్రం నా చేతికి ఇవ్వడట.